ఒక మేక, అర బేలు గడ్డి

రెండువేల సంవత్సరం మార్చి మొదటి గురువారం ఉదయం ఖాదర్ మూడు పనులు పెట్టుకుని ఇల్లు కదిలాడు. తొమ్మిదికి ఆఫీసులో జాబితాకు తాళం వేయాలి. పన్నెండుకు దాన్ని ఇంటర్నెట్టులో లోకానికి విడుదల చేయాలి. మూడింటికి మేనేజరు గ్లెనిస్ గదిలో కూర్చుని తన కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టించుకోవాలి. మూడూ సవ్యంగా జరిగితే సాయంత్రం చేపలు తెస్తానని భార్య కనీజ్‌కు చెప్పాడు. ఆమె సరేనంది. ఎందుకైనా మంచిదని పప్పు కడిగి పెట్టుకుంది.

ఈ మూడింటిలో అసలు పని మూడోదే. కావలి నుంచి ఖాదర్‌ను పద్దెనిమిది నెలల క్రితం సిడ్నీ రప్పించింది వై టూ కే. అక్కడి పారమట్టాలో రాష్ట్ర ప్రభుత్వం వారి పశు సహాయ విభాగంలో కంప్యూటర్లన్నీ కొత్త సంవత్సరం నాడు మూలపడతాయని భయపడి పెద్దలు అతణ్ణి కాంట్రాక్టు మీద తెచ్చుకున్నారు. కొత్త సంవత్సరం వచ్చింది. ఒక్క కంప్యూటరూ మూలపడలేదు. పడి ఉంటే లేపినవాడికి దండ వేసేవారు. పడకపోయేసరికి, ఏమీ జరగని దానికి ఇంతమందిని ఎందుకు మేపామా అని లెక్క తీయడం మొదలుపెట్టారు. జనవరిలోనే సగంమంది వెళ్ళిపోయారు. ఖాదర్ కాంట్రాక్టు రేపు శుక్రవారంతో అయిపోతుంది. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం వదలాలి. నెల క్రితమే బడిలో చేరిన కూతురు మరియం నీలం టోపీ పెట్టుకుని గేటు దగ్గర చేయి ఊపినప్పుడల్లా అతనికి ఆ ఇరవై ఎనిమిది రోజులే గుర్తొచ్చేవి. నిజంగా భయపడేవాడు.

అలాంటి సమయంలో ఫిబ్రవరిలో గాలివాన వచ్చింది. వాగులు పొంగాయి, కంచెలు కొట్టుకుపోయాయి, పశువులు మోకాటి లోతు నీళ్ళలో రెండు రోజులు నిలబడ్డాయి. ఖాదర్ బాధపడ్డాడు. బాధపడుతూనే, విభాగానికి పని దొరికింది కదా అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. ప్రభుత్వం పశుపోషకులకు ఎండుగడ్డీ కంచె తీగా పంచింది. పంచిన వారానికే పత్రికలు గోల పెట్టాయి. మూడో అంతస్తులో కాపురముంటున్న పళ్ళ డాక్టరొకాయన నాలుగువందల గొర్రెలకు గడ్డి తీసుకున్నాడట. దాంతో మంత్రిగారు, సాయం పొందిన ప్రతి ఒక్కరి పేరూ ఇంటర్నెట్టులో పెడతాం, ఎవరైనా చూసుకోవచ్చు అని ప్రకటించారు. ఆ జాబితా తయారుచేసే పని ఖాదర్ చేతిలో పడింది.

పనిమంతుణ్ణని చూపించుకునే అవకాశం మళ్ళీ రాదనుకుని, ఖాదర్ మీటింగులో ఒక సలహా ఇచ్చాడు. జాబితాకు తాళం పడ్డాక ఎవరి పేరు తీసేసినా, మార్చినా, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఆ పేరు కిందే ఎర్ర అక్షరాల్లో కనిపించాలి. దాని గురించి వచ్చిన ఫ్యాక్సు కూడా దానంతటదే పక్కన అతుక్కోవాలి. ఇక ఎవరూ ఏమీ దాచలేరు. గ్లెనిస్ బల్ల మీద చిన్నగా తట్టింది. ఆమె పొగడ్త అంతకు మించి ఉండదు. ఖాదర్ వారం రోజులు కూర్చుని, దొడ్డిదారి ఒక్కటి కూడా మిగలకుండా ఆ ఏర్పాటు చేశాడు.

గురువారం తొమ్మిదికి జాబితాకు తాళం పడింది. పక్క బల్ల దగ్గర కూర్చునే వాసుదేవరావు కాఫీ తెచ్చుకుని వచ్చాడు. ఆయనది తణుకు. ఆయన కాంట్రాక్టుకు ఇంకా ఏడాది గడువుంది కాబట్టి ఎదుటివాళ్ళ కష్టాల్లో ధైర్యంగా సలహాలివ్వగలడు. వెతికే డబ్బా పనిచేస్తోందో లేదో ఏదో ఒక పేరు కొట్టి చూడమన్నాడు. ఖాళీ డబ్బా కనిపిస్తే మనిషి మొదట కొట్టేది తన పేరే. ఖాదర్ తన పేరు కొట్టాడు.

ఒక ఫలితం వచ్చింది. పేరు ఖాదర్, పూర్తి పేరుతో సహా. వృత్తి పశుపోషణ. ఊరు స్కోఫీల్డ్స్. మేకలు ఒకటి. అందిన సహాయం, ఎండుగడ్డి అర బేలు.

వాసుదేవరావు కాఫీ కింద పెట్టి రెండుసార్లు చదివాడు. "మీకు పశువులున్నాయని ఎప్పుడూ చెప్పలేదేంటండీ?"

"నాకు లేవండీ," అన్నాడు ఖాదర్. అన్నాక గుర్తొచ్చింది. "బక్రీదుకు ఒక మేకను బుక్ చేసుకున్నా. అంతే."

స్కోఫీల్డ్స్ అప్పటికింకా రైలుకట్టకు అటూ ఇటూ పచ్చిక బయళ్ళున్న ఊరు. అక్కడ ఐదెకరాల్లో కమలేష్ అనే ఫిజీ ఆయన మేకలు పెంచుతాడు. తాత ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కినవాళ్ళు. ఎనభై ఏడులో ఫిజీలో గొడవలు రేగినప్పుడు ఈయన భార్య బిమలతో సహా సిడ్నీ వచ్చాడు. నాయనమ్మ నేర్పిన తెలుగు ఇంకా మరిచిపోలేదు. హైదరాబాదు, ఆంధ్రా ముస్లిం కుటుంబాలు బక్రీదుకు రెండు నెలల ముందే వెళ్ళి ఆయన దగ్గర మేకను ఏరుకుంటారు. పండగనాడు బలి ఇచ్చే ఖుర్బానీ మేకకు ఏడాది నిండాలి, చెవి చిరగకూడదు, కొమ్ము విరగకూడదు, కన్ను పోకూడదు, కుంటకూడదు. ఇవన్నీ చూసుకుని, వెన్ను నొక్కి, పళ్ళు చూసి, పేరు చెప్పి వస్తారు. ఆ రోజు నుంచి ఆ మేక వాళ్ళది. ఖాదర్ జనవరి ఇరవై రెండున వెళ్ళి అదంతా చేసి వచ్చాడు.

చిక్కల్లా ఎక్కడంటే, జనవరి పదిన విభాగంలో అందరిచేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాకు పశువులేవీ లేవు, పశువుల్లో నాకే ప్రయోజనమూ లేదు, ఈ పరిస్థితి మారితే పద్నాలుగు రోజుల్లో తెలియజేస్తాను అని. ఖాదర్ అప్పుడు నవ్వుకుంటూ సంతకం పెట్టాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు. పండగ మేకను ఆఫీసులో చెప్పుకోవాలని ఎవడికి తోస్తుంది?

పేరు తీసేయడం అతనికి క్షణం పని. కానీ తీసేస్తే అక్కడ ఎర్ర అక్షరాల్లో, తొలగించినవారు ఖాదర్, తొలగించిన పేరు ఖాదర్ అని వస్తుంది. దొడ్డిదారి ఉందేమోనని పది నిమిషాలు వెతికాడు. తను ఇంత గట్టిగా పనిచేసినందుకు జీవితంలో మొదటిసారి విచారించాడు.

"ముందు ఆ మేకలాయనకి ఫోను చేసి, మేక ఆయనదేనని రాయించెయ్యండి," అన్నాడు వాసుదేవరావు. "ఆయన పంపితే అది ఆయన దిద్దుబాటు అవుతుంది. మీ చేతికి మట్టంటదు."

కమలేష్ మూడో రింగుకే ఎత్తాడు. వెనక మేకలు అరుస్తున్నాయి. ఖాదర్ సంగతంతా చెప్పి, గడ్డి సాయానికి పెట్టుకున్న ఫారంలో యజమాని అన్నచోట తన పేరెందుకు రాశాడని అడిగాడు.

"మేక మీది కదా భాయ్. ఇంక ఎవరి పేరు రాస్తాను? ప్రతి జీవానికీ ఓనర్ పేరు నిజం రాయమని ఫారంలో ఉంది. అబద్ధం రాస్తే ఫైన్ అని కింద ఎర్రగా ఉంది. నా పద్దెనిమిది నా పేరున రాసినాను, మీ అందరి పన్నెండూ మీ అందరి పేరున రాసినాను."

మిగతా పదకొండు మందికీ ఇబ్బంది లేదు. వాళ్ళలో ఎవరూ ఆ జాబితా తయారుచేసే ఆఫీసులో పనిచేయడం లేదు. ఖాదర్ గొంతు తగ్గించి, పండగ దాకా ఆ మేకను ఆయనదే అనుకోమని బతిమాలాడు.

"అనుకుంటే అయిపోతుందా భాయ్? మీరు దాని వెన్ను నొక్కి చూసినారు. పేరు చెప్పినారు. రేపు దేవుడి ముందర అది ఎవరిదంటే నేనేమి చెప్పాల?" అన్నాడు కమలేష్. మళ్ళీ తనే అందుకున్నాడు. "మీ ఉద్యోగం సంగతి నాకు అర్థమైనాది. నేను ఒక లెటర్ పంపిస్తాను. మీరు నిమ్మళంగా ఉండండి."

ఖాదర్ నిమ్మళంగా ఉన్నాడు, సరిగ్గా గంటసేపు. పదకొండు గంటల పది నిమిషాలకు ఫ్యాక్సు వచ్చింది. వచ్చీ రావడంతోనే, ఖాదర్ చేసిన ఏర్పాటు ప్రకారం, దానంతటదే అతని పేరు పక్కన అతుక్కుంది. ఇంగ్లీషులో చక్కటి దస్తూరీతో ఇలా ఉంది.

"అయ్యా, మీ ఆఫీసులో పనిచేసే ఖాదర్‌గారు ఈ ఉదయం ఫోను చేసి, తన మేక మీద నుంచి తన పేరు తీసేయమని కోరారు. అది ఆయన మేకే కాబట్టి నేను తీయలేను. గోధుమరంగు పోతు. వయసు ఏడాది మూడు నెలలు. రెండు చెవులూ చిరగలేదు, ఎడమ చెవి కొస తెలుపు. కొమ్ములు విరగలేదు. రెండు కళ్ళూ కనిపిస్తాయి. కుంటదు. ఇవన్నీ ఖాదర్‌గారు స్వయంగా చూసుకున్నారు. ఆయన చాలా మంచివారు. దయచేసి ఆయన ఉద్యోగం తీసేయవద్దు. ఇట్లు, కమలేష్."

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టయింది. వాసుదేవరావు ఫ్యాక్సు చదివి, మనిషి నిజాయితీపరుడండీ, అదొక్కటే లోపం అన్నాడు. తర్వాత ఇంకో సలహా ఇచ్చాడు. మేకనే వదులుకుంటే సరి. మేక లేనివాడు పశుపోషకుడు కాడు కదా.

ఖాదర్ ఇంటికి ఫోను చేశాడు. మేకను వదిలేసుకుంటున్నామని బిమల ఆంటీకి చెప్పమన్నాడు. కనీజ్ ఒప్పుకోలేదు. ఖుర్బానీకని నియ్యత్ చేసుకున్న, దేవుడికి అనుకున్న జీవాన్ని మధ్యలో వదిలేయడమేమిటి, ఎవరైనా వింటే ఏమనుకుంటారు అంది. ఖాదర్ వీసా సంగతి చెప్పాడు, మరియం బడి సంగతి చెప్పాడు. ఆ రెండో మాటకు ఆమె కొంచెం మెత్తబడి, తాను చూసుకుంటానంది. ఆ ఉదయం అతనికి అలాంటి భరోసా ఇచ్చిన రెండో మనిషి ఆమె.

పదకొండు గంటల నలభై నిమిషాలకు బిమల దగ్గర నుంచి రెండో ఫ్యాక్సు వచ్చింది. ఫలానా మేక, ఎడమ చెవి కొస తెలుపు, నేటి ఉదయం పదకొండున్నర నుంచి ఖాదర్‌గారి భార్య కనీజ్ పేరు మీదికి మారినది, మేక ఆరోగ్యంగానే ఉన్నది అని అందులో ఉంది. అది కూడా వెళ్ళి అతుక్కుంది, యజమాని మారినట్టు కింద ఎర్ర అక్షరాలూ పడ్డాయి.

ఖాదర్ మళ్ళీ ఫోను ఎత్తాడు. "నా పేరు మీద వద్దంటే నీ పేరు మీదికి మార్చావా?"

"మీ ఉద్యోగానికి మీ పేరు కదా అడ్డం. నాకు ఉద్యోగం ఎక్కడుంది?" అంది కనీజ్. తర్కంలో లోపమేమీ కనపడక ఖాదర్ ఫోను పెట్టేశాడు.

పన్నెండు గంటలకు మంత్రిగారు ఎక్కడో మాట్లాడుతూ, ఈ క్షణం నుంచి మా దగ్గర దాపరికం లేదు అన్నారు. ఖాదర్ తన చేత్తోనే మీట నొక్కాడు. రెండువేల మూడువందల పదహారు పేర్లు లోకానికి తెరుచుకున్నాయి. వాటిలో రెండువేల మూడువందల పదిహేను నల్లగా ఉన్నాయి. ఒక్క పేరు కింద మాత్రం ఎర్ర అక్షరాలూ, రెండు ఫ్యాక్సులూ ఉన్నాయి. చూసేవాడి కన్ను ముందు ఎక్కడ పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పన్నెండున్నరకు స్థానిక వారపత్రిక నుంచి ఒక అమ్మాయి ఆ ఫ్యాక్సులు చదివి, టెలిఫోను పుస్తకం తీసి, నేరుగా ఖాదర్ ఇంటికే ఫోను చేసింది. ఒంటిగంటకు కనీజ్ ఆ శుభవార్తను ఆఫీసుకు చేరవేసింది. పేపరమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడిందనీ, అడిగినదానికల్లా తాను నిజమే చెప్పాననీ అంది. గడ్డి ఏం చేశారని అడిగితే మేక తినేసిందని చెప్పిందట. మేకను ఏం చేస్తారని అడిగితే, కోసి మూడు వాటాలు వేస్తాం, ఒకటి ఇంటికి, ఒకటి అయినవాళ్ళకు, ఒకటి లేనివాళ్ళకు అని చెప్పిందట.

"ఆ వాటాల లెక్క ఆ పిల్ల ఇంకోసారి చెప్పించుకుని రాసుకుందండీ," అంది కనీజ్. "ఉన్నది ఒక్క మేకా, అందులో రెండు వాటాలు పంచేస్తారా అని మళ్ళీ అడిగింది. అవునమ్మా, అందరం అంతే అన్నాను. తప్పా?"

తప్పు కాదన్నాడు ఖాదర్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అయితే అప్పటికే అతను రాజీనామా కాగితం రాయడం మొదలుపెట్టాడు. తీసేసేదాకా ఉండటం కంటే తానే వెళ్ళడం గౌరవం అనుకున్నాడు. నాలుగు వాక్యాల కాగితం. మూడో వాక్యంలో మేక అనే మాట లేకుండా రాయడానికి ముప్పావుగంట పట్టింది.

ఈలోగా ఆ పేపరమ్మాయి మంత్రిగారి ఆఫీసుకు ఫోను చేసింది. ఒక్క మేక ఉన్న మనిషిని, అది కూడా మూడింట రెండు వంతులు పంచేసే మనిషిని పట్టుకుని చెవులూ కొమ్ములూ కళ్ళూ విచారిస్తున్న ప్రభుత్వం, నాలుగువందల గొర్రెల పళ్ళ డాక్టరును ఎందుకు అడగడం లేదని నిలదీసింది. అక్కడ ఫోను ఎత్తినవాడికి మేక సంగతీ తెలియదు, చెవుల సంగతీ తెలియదు. తెలియదని చెప్పడం ఆ ఆఫీసులో అలవాటు లేదు. అందుకని, జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ సరిగ్గా ఆ పద్ధతిలోనే విచారిస్తామని హామీ ఇచ్చాడు. రెండు గంటల రేడియో వార్తల్లో ఆ మాట వచ్చింది. ప్రతి జీవానికీ వయసు, చెవులు, కొమ్ములు, కళ్ళు, నడక చూస్తారు అని వార్తలు చదివే ఆయన గంభీరంగా చదివాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఏ దేశంలోనైనా ఒకటే. రెండూ పదికి విభాగంలో ఫోన్లు మోగడం మొదలయ్యాయి. మొదట పళ్ళ డాక్టరు చేశాడు. తన గొర్రెల విషయంలో గుమాస్తా పొరపాటు జరిగిందనీ, గడ్డి అలాగే ఉందనీ, లారీ పంపితే ఎక్కించేస్తాననీ అన్నాడు. తర్వాత వరస కట్టారు. ఒకాయనకు తన ఆవులు పోయిన ఏడాదే అమ్మేసినట్టు హఠాత్తుగా గుర్తొచ్చింది. ఒకావిడ తన గుర్రాలు తన చెల్లెలివనీ, చెల్లెలు న్యూజిలాండులో ఉంటుందనీ, గుర్రాలు కూడా అక్కడే ఉంటాయనీ చెప్పింది. ఖాదర్ ఒక్కొక్కరి పేరూ తీసేస్తూ, ఎర్ర అక్షరాలు నింపుతూ కూర్చున్నాడు. మూడు గంటలకు నూట నలభై రెండు మంది జాబితాలోంచి వెళ్ళిపోయారు.

మూడింటికి అతను జేబులో రాజీనామా పెట్టుకుని గ్లెనిస్ గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద రెండు ఫ్యాక్సులూ పరిచి ఉన్నాయి. ఆమె వాటినే చూస్తోంది. కూర్చోమంది. అతను కూర్చుని, జనవరి పది నాటి సంతకం సంగతి తానే ఎత్తి, మేక తనదేననీ, చెప్పకపోవడం తప్పేననీ ఒప్పుకున్నాడు. ఇంత నిజం ఒక్కసారిగా చెప్పడం ఆ ఉదయం నుంచి అదే మొదలు, గుండె కాస్త తేలికైంది. జేబులోకి చేయి పోనిచ్చాడు.

గ్లెనిస్ అతని మాట సగమే విన్నట్టుంది. మంత్రిగారు స్వయంగా ఫోను చేశారని చెప్పింది. విచారణను బయటివాళ్ళతో కాకుండా మన ఇంటి మనిషితో, అందులోనూ అర బేలు గడ్డితో మొదలుపెట్టడం గొప్ప ఎత్తుగడ అని, ఆలోచన ఎవరిదని అడిగారట. తనదేనని ఆమె చెప్పిందట. ఆ చెప్పడం ఖాదర్‌కు అభ్యంతరం కాదు కదా అని అడిగింది.

ఖాదర్ జేబులోంచి చేయి బయటికి తీశాడు. చేతిలో ఏమీ లేదు. తనకేమీ అభ్యంతరం లేదన్నాడు.

వెనక్కి వచ్చే గడ్డి లెక్కలకూ, తీసేసే పేర్లకూ ఇంకో రెండేళ్ళ పని ఉంటుందని గ్లెనిస్ తేల్చింది. ఈ ఏర్పాటు లోతుపాతులు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు కాబట్టి కాంట్రాక్టు రెండేళ్ళకు రాయించింది. ఖాదర్ ఆ కాగితంలో తేదీ చూశాడు. రెండువేల రెండు. అప్పటికి మరియం రెండో తరగతికి వస్తుంది. కళ్ళు చెమర్చి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. గ్లెనిస్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూసింది.

సంతకానికి ముందు ఒక్క షరతు ఉందని ఆమె ఒక కొత్త ఫారం ముందుకు జరిపింది. జాబితా నడిపే ఉద్యోగికి పశువుల్లో ప్రయోజనం ఉంటే ఉన్నట్టు రాసి ఇవ్వాలి, అదీ జాబితా పక్కనే కనిపించాలి. ఖాదర్ కలం తీశాడు. ప్రయోజనం ఏమిటి అన్నచోట, మేక, ఒకటి అని రాశాడు. యజమాని అన్నచోట, ఉదయం పదకొండున్నర వరకు నేను, ఆ తర్వాత నా భార్య అని రాశాడు. ఇక దాచేదేముంది? చివరి గడిలో, ఈ ప్రయోజనం ఎప్పటితో ముగియవచ్చును అని ఉంది. అక్కడ, ఈ నెల పదిహేడు, ఉదయం బక్రీదు నమాజు తర్వాత అరగంటకు అని రాశాడు.

తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ గడిని ఇంత కచ్చితంగా నింపిన ఉద్యోగి ఇంకొకరు లేరని మెచ్చుకుని, గ్లెనిస్ సంతకం పెట్టింది.